కావలి నుంచి ఉడిపి దాకా: మన కాళ్ల కింద 40 కిలోమీటర్ల కథ

2024 డిసెంబర్ 4 పొద్దున 7 గంటల 27 నిమిషాలు. ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపం. హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా చాలామందికి తెలిసింది. పది నిమిషాల్లో వాట్సాప్ గ్రూపులన్నీ సీసీటీవీ వీడియోలతో నిండిపోయాయి. ఇంకో గంటకి టీవీలో సైంటిస్టులు వచ్చి, ఇది గోదావరి లోయ, ఇక్కడ భూమి లోపల పాత పగుళ్లు ఉన్నాయి, 1969లో భద్రాచలంలో కూడా వచ్చింది అని చెప్పారు.

అప్పుడు కామెంట్స్‌లో ఒక ప్రశ్న చాలామంది అడిగారు. "అన్నా, లోపల పగుళ్లు ఉన్నాయని వీళ్లకెలా తెలుసు? దిగి చూసొచ్చారా?"

వెటకారంగా అడిగినా, ప్రశ్న మాత్రం సూపర్. ఈ ఎపిసోడ్ మొత్తం దానికి జవాబే. ఈ కథలో మన హైదరాబాద్ ఉంది, నెల్లూరు జిల్లా కావలి ఉంది, మీ వంటింట్లో ఉన్న కడప బండ కూడా ఉంది. చివర్లో దాదాపు పది వేల మంది ప్రాణాలు కూడా ఉన్నాయి. అందుకే స్కిప్ చేయకుండా చూడండి.

దిగి చూడటం కుదరదా?

ట్రై చేశారు. సోవియట్ యూనియన్‌లో కోలా అనే చోట 1970లో ఒక బోరు మొదలుపెట్టారు. దాదాపు ఇరవై ఏళ్లు తవ్వారు. 12,262 మీటర్ల దగ్గర ఆగిపోయింది. లోపల వేడి 180 డిగ్రీలు దాటింది, ఇక డ్రిల్ ముందుకు పోలేదు.

12 కిలోమీటర్లు అంటే చాలా అనిపిస్తుంది కదా. భూమి మధ్య దాకా 6,371 కిలోమీటర్లు. దీన్ని మన లెక్కలో చూద్దాం. భూమి మధ్యకి వెళ్లడం హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లడం అనుకోండి. కోలా బోరు వెళ్లింది అర కిలోమీటరు. అంటే ఎంజీబీఎస్‌లో బస్సెక్కారు, ఇంకా చాదర్‌ఘాట్ కూడా దాటలేదు. మనిషి చేసిన అతి లోతైన ప్రయాణం అంతే.

మరి మిగతాది ఎలా తెలుస్తుంది? సాఫ్ట్‌వేర్‌లో పనిచేసిన వాళ్లకి ఈ బాధ బాగా తెలుసు. సర్వర్ ఎక్కడో ఉంటుంది. మీకు యాక్సెస్ ఉండదు. కోడ్ కూడా చూపించరు. చేతికి ఇచ్చేది లాగ్ ఫైల్ ఒక్కటే. రిక్వెస్ట్ ఎప్పుడు వెళ్లింది, రిప్లై ఎప్పుడు వచ్చింది, ఎక్కడ లేటయింది, ఈ మూడూ చూసి లోపల ఏం జరుగుతోందో చెప్పాలి. జియోఫిజిక్స్ అంటే సరిగ్గా ఇదే. భూమికి ఒక రిక్వెస్ట్ పంపించి, అది ఇచ్చే రిప్లై చదవడం.

అయిదు సెకన్ల తేడా

మొదటి లాగ్ ఫైల్ మన దేశంలోనే దొరికింది. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసులో ఒక కొలత మొదలుపెట్టాడు. అదే తర్వాత గ్రేట్ ట్రిగొనోమెట్రికల్ సర్వే అయింది. దేశం మొత్తాన్ని త్రిభుజాలుగా చేసి కొలవాలన్నది ప్లాన్. ఆ సర్వే హైదరాబాద్ దాకా వచ్చింది. 1818లో హైదరాబాద్‌లోనే లాంబ్టన్ దగ్గర అసిస్టెంట్‌గా చేరిన కుర్రాడి పేరు జార్జ్ ఎవరెస్ట్. అవును, ఆ ఎవరెస్టే. కృష్ణా, గోదావరి మధ్య అడవుల్లో సర్వే చేస్తూ జ్వరం పట్టి చావు దాకా వెళ్లొచ్చాడు. కోలుకోవడానికి దక్షిణాఫ్రికా వెళ్లాల్సి వచ్చింది.

లాంబ్టన్ పోయాక పని ఎవరెస్ట్ చేతికొచ్చింది. ఉత్తరాన రెండు స్టేషన్లు ఉన్నాయి. ఒకటి మధ్యభారతంలో కల్యాణ్‌పూర్, రెండోది హిమాలయాలకి దగ్గర్లో కలియానా. ఈ రెండిటి మధ్య అక్షాంశం తేడా రెండు పద్ధతుల్లో కొలిచారు. ఒకటి నేల మీద త్రిభుజాలతో, రెండోది నక్షత్రాలు చూసి. రెండూ ఒకటే రావాలి కదా? రాలేదు. 5.236 సెకన్ల తేడా వచ్చింది. ఇక్కడ సెకను అంటే టైమ్ కాదు, కోణం. నేల మీద చూస్తే దాదాపు 160 మీటర్లు.

దాదాపు 600 కిలోమీటర్ల దూరంలో 160 మీటర్లు పోతే పోయిందిలే అనుకోవచ్చు. ఎవరెస్ట్ దాన్ని కొలతల్లో చేరిన పొరపాటుగా లెక్కేసి సర్దేశాడు. కానీ కలకత్తాలో జాన్ ప్రాట్ అనే చర్చి అధికారి ఉన్నాడు, లెక్కల్లో దిట్ట. ఆయన అన్నదేంటంటే, నక్షత్రాల కోణం కొలవాలంటే ముందు నిట్టనిలువు ఏదో తెలియాలి. దానికి తాడుకి గుండు కట్టి వేలాడదీస్తారు. మన తాపీమేస్త్రీ గోడ కట్టేటప్పుడు వాడే తూకం గుండు లాంటిదే. పక్కన హిమాలయాలంత బరువు ఉంటే ఆ గుండుని అవి తమ వైపు లాగవా? లాగుతాయి. నిలువు గీతే కొంచెం వంగిపోతుంది.

బాగుంది. ప్రాట్ హిమాలయాల బరువంతా లెక్కేసి ఎంత లాగాలో కట్టాడు. దాదాపు 15.9 సెకన్లు వచ్చింది. అసలు తేడా 5.2 మాత్రమే. అంటే కొండలు లాగాల్సిన దాంట్లో మూడో వంతే లాగుతున్నాయి. ఇప్పుడు సమస్య తిరగబడింది. తేడా ఎందుకొచ్చింది అన్నది కాదు, ఇంత తక్కువ ఎందుకొచ్చింది?

అదే 1855లో ఇంగ్లండ్ రాజ ఖగోళ శాస్త్రజ్ఞుడు జార్జ్ ఎయిరీ ఒక జవాబు ఇచ్చాడు. నీళ్ల మీద తేలే దుంగలు చూడండి. నీటి పైకి ఎక్కువగా కనిపించే దుంగ, నీటి లోపలికి కూడా ఎక్కువే దిగి ఉంటుంది. కొండలూ అంతే. హిమాలయాల కింద తేలికైన రాయి ఒక వేరులాగా లోపలికి దిగి ఉంది. బరువైన రాయి ఉండాల్సిన చోట తేలికది ఉంది కాబట్టి లాగుడు తగ్గింది. ఇవాళ మనకి తెలుసు, మామూలు నేల కింద 35, 40 కిలోమీటర్లు ఉండే పైపొర టిబెట్ కింద దాదాపు 70 కిలోమీటర్లు ఉంది. ఎవరూ ఒక్క అడుగు కూడా తవ్వలేదు. తూకం గుండు వంగిన తీరు చూసి కొండకి వేరు ఉందని కనిపెట్టారు.

భూకంపమే టార్చ్‌లైట్

బరువు తర్వాత రెండో ఆయుధం తరంగాలు. 1897 జూన్ 12న అస్సాంలో పెద్ద భూకంపం వచ్చింది. జియొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసే రిచర్డ్ ఓల్డ్‌హామ్ దాని రికార్డులు పట్టుకుని కూర్చున్నాడు. ఒకే భూకంపం నుంచి మూడు రకాల తరంగాలు వేరువేరు టైముల్లో వస్తున్నాయని తేల్చాడు. 1906లో ఇంకో అడుగు వేసి, భూమి మధ్యలో వేరే రకం గుండం ఒకటి ఉందని చెప్పాడు. దాన్నే ఇప్పుడు కోర్ అంటున్నాం.

తర్వాత 1909 అక్టోబర్ 8న క్రొయేషియాలో భూకంపం. మొహొరొవిచిచ్ అనే ఆయన దాని రికార్డులు చూస్తే, దూరంగా ఉన్న స్టేషన్లలో ఒకే తరంగం రెండుసార్లు వచ్చినట్టు కనిపించింది. ఒకటి స్పీడుగా, ఒకటి నెమ్మదిగా.

ఇది అర్థం కావాలంటే మన ఔటర్ రింగ్ రోడ్ చాలు. మియాపూర్ నుంచి అమీర్‌పేట్ వెళ్లాలంటే ఎవరూ ఔటర్ ఎక్కరు, సిటీలోంచే వెళ్తారు. అదే పటాన్‌చెరు నుంచి పెద్ద అంబర్‌పేట్ అయితే? చుట్టూ తిరిగినా సరే ఔటరే ముందు చేరుస్తుంది, ఎందుకంటే అక్కడ స్పీడు ఎక్కువ. భూమిలో కూడా అంతే. పైపొరలో తరంగం సెకనుకి దాదాపు 6 కిలోమీటర్ల స్పీడుతో వెళ్తుంది. కింద ఉన్న మాంటిల్‌లో దాదాపు 8. దగ్గరి స్టేషన్‌కి పైదారి తరంగం ముందు చేరుతుంది. దూరం స్టేషన్‌కి, కిందికి దిగి స్పీడు దారి ఎక్కి మళ్లీ పైకొచ్చినది ముందు చేరుతుంది. ఎంత దూరం దగ్గర గెలుపు మారుతోందో తెలిస్తే, ఆ స్పీడు దారి ఎంత లోతులో ఉందో లెక్క కట్టొచ్చు. బీటెక్ ఫస్టియర్ లెక్కే. ఆ హద్దుకి ఆయన పేరే పెట్టారు. పలకడం కష్టం కాబట్టి అందరూ మోహో అంటారు.

మన గడ్డ మీద 600 కిలోమీటర్ల గీత

ఇక మనింటికొద్దాం. స్వాతంత్ర్యం వచ్చాక 1961లో హైదరాబాద్‌లో ఎన్‌జీఆర్‌ఐ పెట్టారు. నేషనల్ జియోఫిజికల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్. ఉప్పల్ రోడ్డులో వెళ్తూ బోర్డు చూసే ఉంటారు, హబ్సిగూడ దగ్గర దాని పేరుతో మెట్రో స్టేషన్ కూడా ఉంది. చాలామంది అక్కడ దిగి వెళ్లిపోతారు తప్ప లోపల ఏం చేస్తారో తెలీదు.

అప్పట్లో అందరికీ ఒక నమ్మకం ఉండేది. దక్షిణ భారతం పాత, గట్టి రాతి పలక, ఇక్కడ పెద్ద భూకంపాలు రావు, అవన్నీ హిమాలయాల గోల. 1967 డిసెంబర్ 11 తెల్లవారుజామున మహారాష్ట్రలో కోయనా డ్యామ్ దగ్గర 6.3 తీవ్రతతో భూకంపం వచ్చి దాదాపు 200 మంది చనిపోయారు. డ్యామ్‌లో నీళ్లు నింపడం మొదలై అయిదారేళ్లే అయింది. గట్టి పలక అన్న మాటకి అప్పుడే మొదటి బీట పడింది.

మరి ఈ పలక లోపల నిజంగా ఎలా ఉంది? భూకంపం ఎప్పుడొస్తుందా అని కూర్చోలేం కదా. అందుకని మనమే చిన్న భూకంపం తయారు చేయాలి. బోరు గుంతల్లో పేలుడు పదార్థం పెట్టి పేల్చాలి, వరుసగా నేలలో పాతిన జియోఫోన్లు ఆ కంపనాన్ని పట్టుకోవాలి. దీన్ని డీప్ సీస్మిక్ సౌండింగ్ అంటారు. సోవియట్ వాళ్లకి ఇందులో బాగా అనుభవం ఉంది. వాళ్ల సహకారంతో 1972 నుంచి 75 మధ్య ఎన్‌జీఆర్‌ఐ దేశంలోనే మొదటి గీత గీసింది. తూర్పున బంగాళాఖాతం ఒడ్డున కావలి, పడమర అరేబియా సముద్రం ఒడ్డున ఉడిపి. మధ్యలో దాదాపు 600 కిలోమీటర్లు. ఈ పనిలో ముందుండి నడిపించిన పేరు కె.ఎల్. కైలా.

అంత పొడవు ఎందుకంటే, ఇందాకటి ఔటర్ లెక్క గుర్తుందా? హద్దు 35 కిలోమీటర్ల లోతులో ఉంటే, కిందిదారి తరంగం గెలవడం మొదలయ్యేది దాదాపు 180 కిలోమీటర్ల దూరం దాటాకే. లోతు చూడాలంటే పైన దూరం కావాలి.

ఈ దారిలో ఏమేం వచ్చాయో చూడండి. నెల్లూరు రాళ్లు, నల్లమల కొండలు, కడప బేసిన్, అనంతపురం వైపు గ్రానైట్లు, కర్ణాటకలో ధార్వార్ రాళ్లు, చివర్లో పడమటి కనుమలు. మన ఇళ్లలో గట్టు మీద, అరల్లో వేసే కడప బండలు ఉన్నాయి కదా, అవి ఆ కడప బేసిన్ నుంచే వస్తాయి. ఒకప్పుడు అదంతా నీళ్ల కింద ఉన్న పల్లం. దాదాపు 190 కోట్ల ఏళ్ల కిందట అందులో బురద, ఇసుక, సున్నం పేరుకోవడం మొదలైంది.

రికార్డుల్లో ఏం తేలింది? మొదటిది, మోహో దాదాపు 35 నుంచి 40 కిలోమీటర్ల లోతులో ఉంది, కానీ చదునుగా లేదు, ఎత్తుపల్లాలుగా ఉంది. రెండోది, కడప బేసిన్ తూర్పు అంచున పెద్ద పగులు. అక్కడ పాత రాళ్లు వచ్చి కొత్త రాళ్ల మీదికి ఎక్కేశాయి. అంటే వరస తలకిందులు, తాత మనవడి భుజం మీద కూర్చున్నట్టు. మూడోది, అసలు ముఖ్యమైనది. పైపొర మొత్తం ఒకే పలక కాదు. లోతైన పగుళ్లతో ముక్కలు ముక్కలుగా ఉంది, కొన్ని పగుళ్లు మోహో దాకా దిగి ఉన్నాయి. గట్టి బండ అనుకున్నది నిజానికి పాత గచ్చు, అతుకుల మీద అతుకులు.

లాగ్ ఫైల్ అబద్ధం చెప్తుందా?

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం, ఎందుకంటే దీన్నంతా మ్యాజిక్ అనుకుంటే మోసపోతాం. కోలా బోరుకి మళ్లీ వెళ్దాం. అక్కడ తవ్వకముందు తరంగాల రికార్డు చూసి, దాదాపు 7 కిలోమీటర్ల దగ్గర గ్రానైట్ అయిపోయి బసాల్ట్ మొదలవుతుందని అనుకున్నారు. ఎందుకంటే అక్కడ స్పీడు మారుతోంది. తవ్వి చూస్తే బసాల్ట్ లేదు. గ్రానైట్ లాంటి రాయే, కానీ వేడికి, ఒత్తిడికి మారిపోయి, పగిలి, ఆ పగుళ్లలో నీళ్లు ఉన్నాయి.

తరంగం తప్పు చెప్పిందా? లేదు. స్పీడు మారింది అని చెప్పింది, నిజంగానే మారింది. దానికి బసాల్ట్ అని పేరు పెట్టింది మనుషులు. రిప్లై లేటయిందని లాగ్ చెప్తుంది, ఎందుకు లేటయిందో చెప్పదు. డేటాబేసా, నెట్‌వర్కా అన్నది మన అంచనా. అందుకే ఒక్క పద్ధతిని నమ్ముకోకూడదు. గ్రావిటీ చూడాలి, అయస్కాంతం చూడాలి, కరెంటు చూడాలి, వీలైతే బోరు వేసి సరిచూసుకోవాలి.

గ్రావిటీ మీటర్లు భూమి లాగే బలంలో 10 కోట్లలో ఒక వంతు తేడా కూడా పట్టుకుంటాయి. గోదావరి లోయ మీద కొలిస్తే గ్రావిటీ తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే అక్కడ పాతకాలంలో నేల చీలి దిగబడి, ఆ గుంతలో తేలికైన ఇసుకరాయి, బొగ్గు నిండాయి. మన సింగరేణి బొగ్గు అదే. ములుగు భూకంపం రోజు టీవీలో చెప్పిన పాత పగుళ్లు ఈ చీలిక అంచులవే.

1993, కిల్లారి

ఇప్పుడు కష్టమైన భాగం. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషాలు. మహారాష్ట్రలో లాతూర్ జిల్లా కిల్లారి. వినాయక నిమజ్జనం అయిపోయి ఊళ్లన్నీ గాఢనిద్రలో ఉన్నాయి. 6.2 తీవ్రత. హైదరాబాద్‌లో కూడా జనం లేచి బయటికొచ్చారు. దాదాపు పది వేల మంది చనిపోయారు.

ఆ రోజుకి దేశ భూకంప మ్యాప్‌లో కిల్లారి ఏ జోన్‌లో ఉందో తెలుసా? జోన్ ఒకటి. అంటే అన్నిటికన్నా సేఫ్. అంతకుముందు 1992లోనే ఆ ఊళ్లో చిన్న చిన్న ప్రకంపనలు వచ్చాయి. కానీ మ్యాప్ సేఫ్ అంటోంది. ఇళ్లేమో బరువైన రాళ్లని మట్టితో పేర్చి కట్టినవి, పైన మందంగా మట్టి మిద్దె. అర్ధరాత్రి అవే మీద పడ్డాయి.

సమస్య ఏంటంటే అక్కడ నేల మీద నిలబడితే ఏమీ కనిపించదు. డెక్కన్ బసాల్ట్ అని లావా రాయి, నల్లటి దుప్పటిలా అంతా కప్పేసి ఉంటుంది. పగుళ్లు ఉంటే ఆ దుప్పటి కింద ఉండాలి. అప్పుడు ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు మాగ్నెటోటెల్యూరిక్స్ అనే పద్ధతితో వెళ్లారు. పేరు చూసి భయపడకండి. సూర్యుడి వల్ల, ఉరుముల మెరుపుల వల్ల భూమి చుట్టూ అయస్కాంత క్షేత్రం ఎప్పుడూ అటూఇటూ ఊగుతుంటుంది. దాంతో నేలలో సన్నటి కరెంటు పుడుతుంది. నెమ్మదిగా ఊగేది ఎక్కువ లోతుకి దిగుతుంది, త్వరగా ఊగేది పైనే ఆగిపోతుంది. నేలలో ఎలక్ట్రోడ్లు, అయస్కాంత సెన్సర్లు పెట్టి రోజుల తరబడి రికార్డు చేస్తే, ఏ లోతులో కరెంటు తేలిగ్గా పోతోందో తెలుస్తుంది. పొడి రాయి కరెంటుని పోనివ్వదు. ఉప్పునీళ్లు నిండిన పగుళ్లు పోనిస్తాయి.

కిల్లారి కింద కొన్ని కిలోమీటర్ల లోతులో కరెంటు తేలిగ్గా పోయే పొర కనిపించింది. అక్కడ పగుళ్లలో ద్రవాలు ఉండొచ్చని, అవే రాయిని బలహీనం చేసి ఉండొచ్చని సైంటిస్టులు అన్నారు. ఉండొచ్చు అన్న మాట గమనించండి, కోలా పాఠం అదే కదా. కిల్లారిలో బోరు కూడా వేశారు, 617 మీటర్లు. 338 మీటర్ల దగ్గర లావా అయిపోయి, దాని కింద పాత గ్రానైట్ లాంటి రాయి తగిలింది. అంటే ప్రమాదాన్ని దాచిన దుప్పటి మందం అర కిలోమీటరు కూడా లేదు.

తర్వాత 2002లో భూకంప మ్యాప్ మారింది. జోన్ ఒకటి అన్నదే తీసేశారు. దేశంలో ఇక్కడ భూకంపం భయం లేదు అని రాసుకునే చోటు ఇప్పుడు ఒక్కటి కూడా లేదు. ఆ ఒక్క అంకె చెరిగిపోవడానికి ఎంత ఖర్చయిందో ఇప్పుడు మీకు తెలుసు.

ఇప్పుడు ఎక్కడున్నాం

కోయనాలో 1967 నుంచి ఇవాళ్టి దాకా చిన్నాపెద్దా భూకంపాలు వస్తూనే ఉన్నాయి. అవన్నీ దాదాపు 20 బై 30 కిలోమీటర్ల చిన్న ఏరియాలోనే. పైగా ఎక్కువ లోతు కూడా కాదు. అందుకే అక్కడ 3 కిలోమీటర్ల లోతుకి ఒక పైలట్ బోరు వేశారు. పైన 1.2 కిలోమీటర్ల లావా, దాని కింద నేరుగా గ్రానైట్ రకం రాయి. భూకంపం పుట్టే చోటికి దగ్గరగా వెళ్లి, రాయి, నీళ్లు, ఒత్తిడి ఎలా ఉన్నాయో చూడాలన్నది ఆలోచన. ఇన్నాళ్లూ లాగ్ ఫైల్ చదివిన వాళ్లు మొదటిసారి సర్వర్ రూమ్ తలుపు దగ్గరికి వచ్చినట్టు.

ఇంతా చూశాక ఒక్క విషయం క్లియర్‌గా చెప్పాలి. ఫలానా తేదీ, ఫలానా టైముకి భూకంపం వస్తుందని ఇవాళ ప్రపంచంలో ఎవరూ చెప్పలేరు. ములుగు తర్వాత రాత్రి 11 గంటలకి ఇంకోటి వస్తుంది లాంటి ఫార్వర్డ్‌లు మీకు వచ్చి ఉంటే, డిలీట్ చేసేయండి. సైన్స్ చెప్పగలిగేది వేరే. ఎక్కడ అతుకు ఉంది, ఎక్కడ నేల బలహీనం, ఎక్కడ కట్టేటప్పుడు జాగ్రత్త పడాలి. కిల్లారిలో కావాల్సింది కూడా తేదీ కాదు. ఆ గోడల్లో రాళ్లని కలిపి పట్టి ఉంచే ఒక బెల్ట్, కాస్త తేలికైన పైకప్పు ఉన్నా ఎంతోమంది బతికేవాళ్లు.

కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా ఇల్లు కడుతుంటే, మేస్త్రీని, ఇంజనీర్‌ని ఒక్క మాట అడగండి. మనది ఏ జోన్, దానికి తగ్గట్టు స్టీల్, బీమ్‌లు వేస్తున్నారా అని. ఇక్కడ భూకంపాలు రావులే అన్న జవాబు వస్తే, కిల్లారి వాళ్లకి కూడా అదే చెప్పారని గుర్తు చేయండి.

1969లో భద్రాచలం భూకంపం చూసిన పెద్దవాళ్లు మీ ఇంట్లో ఉంటే, ఆ రోజు ఏం జరిగిందో అడిగి కామెంట్‌లో రాయండి, చదువుతాను. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.